కమోడ్ ఫ్లష్‌లో జోరు లేదు: తప్పు ట్యాంకుదా, లైనుదా?

#1 చెంబునీళ్ళు

ట్యాంకు కమోడ్ మీదే బిగించి ఉండే రకం, కింద ఎస్ ట్రాప్ (నీళ్ళు నిలిచి, నేలలోకి దిగే వంపు), పైన రెండు బటన్లు. పెద్ద బటన్ నొక్కినా నీళ్ళు నీరసంగా దిగుతున్నాయి. కాగితం పోతుంది, అసలుది మిగిలిపోతుంది. రెండోసారి, ఒక్కోసారి మూడోసారి కొడితే గానీ పోదు. పొంగడం మాత్రం లేదు. బోరు నీళ్ళు, కుళాయిల మీద తెల్లమచ్చ కట్టే రకం. యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్ళు వదిలే చిన్న కుళాయి) పూర్తిగా తెరిచే ఉంది. ప్రెషర్ పంపు పెట్టమని ఒకరు, ట్యాంకు లోపలి కిట్ మొత్తం మార్చమని ఒకరు, కమోడే పీకెయ్యమని ఒకరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 పానా_పట్కారు

ఏదీ కొనకండి ముందు. ప్రెషర్ పంపు అయితే అసలే వద్దు. ట్యాంకు ఉన్న కమోడ్‌లో ఫ్లష్ జోరుకీ పైపులో ప్రెషర్‌కీ సంబంధం లేదు. పైపు ట్యాంకును నింపుతుంది, అంతటితో దాని పని సరి. ఆ తర్వాత నెట్టేది ట్యాంకులో నిలిచిన నీళ్ళ ఎత్తు, పరిమాణం, అవి దిగే వేగం. ప్రెషర్ తక్కువైతే ట్యాంకు నిండడం ఆలస్యమవుతుంది. నిండకముందే మళ్ళీ నొక్కితే ఎలాగూ సగమే వస్తుంది, అది వేరే మాట.

బకెట్ పరీక్ష చేయండి. ఒక బకెట్‌లో 6 నుంచి 8 లీటర్లు పట్టి, నడుము ఎత్తు నుంచి కమోడ్ నడిమధ్యలోకి రెండు మూడు సెకన్లలో ఒక్క ఊపున పోయండి. చెంబుతో పోసినట్టు సన్నగా పోస్తే పరీక్ష పనికిరాదు. పరీక్షకు నాలుగైదు కాగితం ఉండలు వేయండి.

గటగటా మింగేస్తే ట్రాప్, కింద లైను బాగున్నట్టే. తప్పు ట్యాంకులోనో, ట్యాంకు నుంచి బౌల్‌లోకి నీళ్ళొచ్చే దారిలోనో ఉంది. నీళ్ళు అంచు దాకా లేచి మెల్లగా దిగితే తప్పు కింద ఉంది, ట్యాంకు జోలికి పోకండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. పుండు ఒకచోట, మందు ఒకచోట.

#3 గొట్టంగోల

పై మాటకి చిన్న చేర్పు. పోసేటప్పుడు నీళ్ళు లేస్తుంటే ఆపేయండి, మొత్తం బకెట్ పోసి నేలంతా చేసుకోకండి. ఇంకొకటి, పక్కనున్న ఫ్లోర్ ట్రాప్ (బాత్రూం నేల నీళ్ళు పోయే జాలీ కన్నం) మీద ఒక కన్నేసి ఉంచండి. బకెట్ పోసిన క్షణంలో అక్కడ బుడగలొచ్చినా, అక్కడి నీళ్ళు లోపలికి పీక్కుపోయినా రాయండి. అది గాలి గొట్టం సంగతి.

#4 చెంబునీళ్ళు

7 లీటర్లు పోశాను. కాగితం ఉండలతో సహా ఒక్క గుక్కలో మింగేసింది. ఫ్లోర్ ట్రాప్‌లో చలనం లేదు. అంటే పైన చూడాలన్నమాట. కిట్ మార్చేయనా?

#5 పానా_పట్కారు

ఆగండి. ముందు లీటర్లు కొలవాలి. టేపు, పెన్సిల్ చాలు.

ట్యాంకు మూత తీయండి. రెండు బటన్ల రకంలో బటన్‌ను ఎడమవైపు తిప్పి విప్పాక మూత పైకొస్తుంది. బలవంతాన లాగితే కింది పుల్లలు విరుగుతాయి. ట్యాంకు నిండా నిండనిచ్చి యాంగిల్ కాక్ కట్టేయండి. కాక్ తెరిచే ఉంచితే ఫ్లష్ అవుతుండగానే కొత్త నీళ్ళు చేరి లెక్క తప్పుతుంది. నీటిమట్టం దగ్గర లోపలి గోడ మీద పెన్సిల్ గీత. పెద్ద బటన్ పని చేయించి, నీళ్ళు ఆగాక ఇంకో గీత. రెండు గీతల మధ్య ఎత్తు, ట్యాంకు లోపలి పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు. ట్యాంకు కిందికి సన్నబడే ఆకారమైతే మధ్య ఎత్తులో కొలవండి.

దాంతోపాటు చూడాల్సినవి రెండు. ట్యాంకు లోపలి గోడ మీద తయారీదారు వేసిన నీటి గీత ఎక్కడుంది, మీ నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి? నొక్కినప్పటి నుంచి వాల్వు 'టక్' మని కూర్చునే దాకా ఎన్ని సెకన్లు?

#6 చెంబునీళ్ళు

లోపల పొడవు 36, వెడల్పు 15. నిండినప్పుడు అడుగు నుంచి 17 సెం.మీ., ఫ్లష్ అయ్యాక 9 సెం.మీ. మిగిలాయి. గోడ మీద గీత 19 దగ్గరుంది. రెండు సెకన్లకే టక్ మంటోంది. ట్యాంకు మీద 6/3 లీటర్లు అని రాసుంది.

#7 పానా_పట్కారు

36 × 15 × 8 = 4,320. అంటే 4.3 లీటర్లు. ఆరు రావాల్సిన చోట పావు వంతుకు పైగా తగ్గింది. ఫ్లష్ నీరసంగా ఉండక ఏం చేస్తుంది?

రెండు తప్పులున్నాయి. ఒకటి, పైన 2 సెం.మీ. తక్కువ నిండుతోంది. రెండు, కింద వాల్వు తొందరగా మూసుకుంటోంది. మొదటిదాన్ని చిన్నచూపు చూడకండి. కన్నంలోంచి నీళ్ళు దిగే వేగం పైనున్న ఎత్తును బట్టి ఉంటుంది. ట్యాంకు నిండా ఉన్నప్పుడు దిగే మొదటి లీటర్లకే అసలు తోపు ఉంటుంది. చివరి లీటరు బౌల్‌ను తడుపుతుందంతే.

నిండే మట్టం పెంచడం: నీళ్ళు వచ్చే వైపు నిలువు వాల్వు పక్కన ఫ్లోట్ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే పళ్ళ పుల్లకో, మర పుల్లకో సర్దుబాటు ఉంటుంది. స్క్రూ అయితే సగం చుట్టు తిప్పడం, నింపి చూడడం, మళ్ళీ సగం చుట్టు. పాత రకం బంతి ఫ్లోట్ అయితే ఇత్తడి కాడను మెల్లగా పైకి వంచాలి, బంతి ట్యాంకు గోడకు రాసుకోకుండా. గోడ మీది గీత దగ్గర ఆపండి. గీత కనబడకపోతే ఓవర్‌ఫ్లో గొట్టం (ఎక్కువైన నీళ్ళను బౌల్‌లోకి వదిలే నిలువు గొట్టం) నోటికి 25 మి.మీ. కింద ఆపండి. అంతకు మించితే నీళ్ళు ఓవర్‌ఫ్లోలోంచి రాత్రంతా కారిపోతుంటాయి, సన్నటి సర్రు శబ్దం తప్ప బయటికి ఏమీ తెలియదు.

తొందరగా మూసుకోవడం: మీది మధ్యలో నిలబడే డ్రాప్ వాల్వు. దాని ఒంటి మీద ఒకటో రెండో జారుడు ముక్కలు ఉంటాయి. పెద్ద ఫ్లష్‌కి ఒకటి, చిన్నదానికి ఒకటి, కొన్నిటికి అంకెలు కూడా ఉంటాయి. పెద్ద ఫ్లష్ ముక్కను ఒక్కో గాడి చొప్పున జరిపి, ప్రతిసారీ కాక్ కట్టి కొలవండి. ఏ దిక్కున జరిపితే పెరుగుతుందో మోడల్‌ను బట్టి మారుతుంది, అందుకే కొలత. ట్యాంకు అడుగున 7, 8 సెం.మీ. నీళ్ళు మిగలడం ఈ రకాల్లో మామూలే, మొత్తం ఖాళీ కావాలని చూడకండి.

జరిపినా తేడా రాకపోతే బటన్ కింది పుల్లలు చూడండి. పుల్ల పొట్టిగా ఉంటే బటన్ పూర్తిగా నొక్కినా వాల్వు సగమే లేస్తుంది, వెంటనే పడిపోతుంది. పుల్లకి మర ఉంటుంది, బటన్ వదిలినప్పుడు వాల్వు తలకు ఒకటి రెండు మి.మీ. దూరంలో ఉండేలా పొడవు పెంచండి. మరీ పొడవైతే వాల్వు ఎప్పుడూ కాస్త లేచే ఉండి కారుతుంది.

#8 తడినేల

ట్యాంకు పక్కన హ్యాండిల్ ఉండి, లోపల రబ్బరు ఫ్లాపర్ (అడుగు కన్నాన్ని మూసే మూత) ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే: అక్కడ దొంగ గొలుసు. ఫ్లాపర్ మూసుకుని ఉన్నప్పుడు గొలుసులో వదులు 12 మి.మీ. ఉంటే చాలు. ఎక్కువ వదులుంటే హ్యాండిల్ సగం ప్రయాణం వదులు లాగడానికే పోతుంది, ఫ్లాపర్ నిలువుగా లేవదు, రెండు సెకన్లకే పడుతుంది. అసలు వదులు లేకపోతే పూర్తిగా కూర్చోదు, కారుతుంది. మిగిలిన గొలుసు కత్తిరించేయండి. కింద వేలాడితే ఫ్లాపర్ కింద ఇరుక్కుంటుంది.

గొలుసు సరిగ్గా ఉన్నా తొందరగా పడుతుంటే, హ్యాండిల్ నొక్కి పట్టుకుని ఒక ఫ్లష్ చేయండి. అప్పుడు జోరుగా పోతే తప్పు ఫ్లాపర్‌దే. నీళ్ళు పీల్చి బరువెక్కి ఉంటుంది. వేలితో రుద్దితే నల్లగా అంటుకుంటే రబ్బరు చచ్చిపోయినట్టు. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్ళలు రబ్బరును ఇలాగే తినేస్తాయి, అందుకే ఆ బిళ్ళలు ట్యాంకులో వేయకండి. కొత్తది కొనేముందు కింది కన్నం కొలవండి. 2 అంగుళాలది, 3 అంగుళాలది వేర్వేరు. 3 కన్నం మీద 2 కూర్చోదు.

నీళ్ళు ఆదా చేద్దామని ట్యాంకులో ఇటుకో సీసానో పెట్టి ఉంటే తీసేయండి. ఇటుక నానిపోయి దాని ముక్కలు వాల్వు కింద చేరతాయి.

#9 కుళాయికాడ

కారుతుందా లేదా తేల్చడానికి తేలిక దారి: ట్యాంకులో కాస్త తినే రంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. బౌల్‌లో రంగు కనబడితే అడుగు వాషర్ కారుతోంది. దీనికీ నీరసం ఫ్లష్‌కీ సంబంధం ఉంది. ట్యాంకు కారుతూ, నింపే వాల్వు నెమ్మదిగా ఉంటే మీరు నొక్కే సమయానికి ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉండదు. డ్రాప్ వాల్వు అయితే పావు చుట్టు ఎడమకి తిప్పితే చేతిలోకి వస్తుంది. అడుగు వాషర్‌ను, అది కూర్చునే అంచును స్పాంజితో తుడవండి. గరుకు కాగితం వద్దు, గీత పడితే ఇక ఎప్పటికీ కారుతుంది.

#10 చెంబునీళ్ళు

ఫ్లోట్ పైకి జరిపాను, ఇప్పుడు 19 దాకా నిండుతోంది. పెద్ద ఫ్లష్ ముక్క ఒక గాడి జరిపితే అడుగున 8 మిగులుతోంది. 36 × 15 × 11 అంటే 5.9 లీటర్లు. చాలా మెరుగైంది, కానీ బకెట్‌తో పోసినంత జోరు ఇంకా లేదు. నీళ్ళు వెనక నుంచి బాగానే వస్తున్నాయి, ముందు భాగం, కుడిపక్క దాదాపు పొడిగా ఉంటున్నాయి. చూస్తే ఒక సున్నపు గార కనబడుతోంది.

#11 సున్నంగీత

అయితే రిమ్ (బౌల్ పై అంచు) కింది రంధ్రాలు పూడాయి. చేతి అద్దం ఒకటి నీళ్ళకు కాస్త పైన, రిమ్ కిందకు పెట్టి, ఫోన్ టార్చ్ వేసి చూడండి. రంధ్రాల చుట్టూ ముత్యాల్లా గారకట్టి ఉంటుంది. కొన్ని సన్నటి సూది కన్నాలై ఉంటాయి, కొన్ని పూర్తిగా మాయమై ఉంటాయి.

ఏ రంధ్రం పని చేస్తుందో తేల్చడానికి రిమ్‌కి 25 మి.మీ. కింద, నీళ్ళలో కరిగే సిరాతో చుట్టూ ఒక గీత గీయండి. ఒకసారి ఫ్లష్ చేయండి. గీత చెరగని చోట నీళ్ళు రావట్లేదు. ఇది సొంత తెలివి కాదు, కమోడ్‌ల ప్రామాణిక పరీక్షల్లోనూ ఇలాగే గీస్తారు. అక్కడ చెరగని ముక్క ఏదీ 13 మి.మీ. మించకూడదని లెక్క.

ఇప్పుడు కరిగించడం. సున్నపు గారను ఆమ్లం తింటుంది. 5 శాతం ఆమ్లమున్న మామూలు తెల్ల వెనిగర్ అయినా సరే, లీటరు నీళ్ళకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అయినా సరే. గార మందంగా ఉంటే నా ఓటు నిమ్మ ఉప్పుకి, వాసన కూడా ఉండదు. గోరువెచ్చగా, చేయి పెట్టగలిగినంత వేడి చాలు. మరిగే నీళ్ళు పోస్తే పింగాణీ పగలొచ్చు. పైగా నిమ్మ ఉప్పును మరీ వేడిగా వాడితే సున్నంతో కలిసి కరగని తెల్లటి పొడిగా పేరుకుంటుంది, ఒక గార పోయి ఇంకో గార వస్తుంది.

పోసేసి వదిలేస్తే రంధ్రాల్లోంచి నిమిషంలో కారిపోతుంది. దాన్ని లోపల ఆపడమే అసలు పని. కాక్ కట్టి ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయండి. రిమ్ కింద గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. టిష్యూ కాగితాన్ని తడిపి, వేలు లావు ఉండలు చేసి ఒక్కో రంధ్రంలో నొక్కండి. కింద వెడల్పు టేపు అంటిస్తే ఇంకా గట్టి. తర్వాత ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి ఒకటిన్నర లీటరు ద్రావణం నెమ్మదిగా పోయండి. ఓవర్‌ఫ్లో నీళ్ళు నేరుగా రిమ్ లోపలి కాలువలోకే వెళ్తాయి. 8 గంటలు కదపకండి. రాత్రి పోసి పొద్దున తీయడం సులువు.

తీశాక మెత్తబడిన గారను ప్లాస్టిక్ పూత ఉన్న తీగతో గుచ్చండి. ఉత్త ఇనుప తీగ అయితే గీత పడుతుంది, ఆ గీతలో మళ్ళీ గార పడుతుంది. రంధ్రంలో తీగను గుండ్రంగా తిప్పండి, పక్కలకు ఒత్తకండి. రెండు ఫ్లష్‌లు కొట్టి మళ్ళీ సిరా గీత గీయండి. ఏళ్ళ గార ఒక్క రాత్రికి పోదు, రెండు మూడు సార్లు పడుతుంది.

#12 చకచక

ఇంత తతంగం ఎందుకండీ? గాఢ యాసిడ్ ఒక సీసా ట్యాంకులో పోసి పది నిమిషాలకు ఫ్లష్ కొడితే అన్నీ తెరుచుకుంటాయి.

#13 సున్నంగీత

సున్నం కరిగే మాట నిజమే. కానీ ట్యాంకులో ఉండే రబ్బరు వాషర్లు, ట్యాంకును కమోడ్‌కి బిగించే బోల్టులు కూడా అదే తింటుంది. బోల్టు పోతే ట్యాంకు కింద కారడం మొదలవుతుంది. చలవరాయి నేల మీద చుక్క పడితే మచ్చ పోదు. యాసిడ్ వాడే తీరాల్సి వస్తే కమోడ్ కోసమే అమ్మే పలచని క్లీనర్‌ను, బౌల్‌లో మాత్రమే, కిటికీ తీసి, చేతికి తొడుగుతో వాడండి.

ముందు రోజు బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ద్రవం గానీ వేసి ఉంటే ఆమ్లం ఏదీ పోయకండి, వెనిగర్‌తో సహా. క్లోరిన్ వాయువు పుడుతుంది, బాత్రూంలాంటి ఇరుకు గదిలో అది ఊపిరి ఆడనివ్వదు. ముందు మూడు నాలుగు సార్లు ఫ్లష్ చేసి, కడిగి, ఆ తర్వాతే.

#14 గొట్టంగోల

కాస్టిక్ సోడా రకం డ్రైన్ క్లీనర్ల గురించి కూడా అడుగుతుంటారు. కమోడ్‌లో అడ్డం పడిన వస్తువును అది కరిగించదు, నిలిచిన నీళ్ళలో వేడెక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎవరైనా పంపు (కర్రకు రబ్బరు గిన్నె ఉండే ప్లంజర్) కొడితే మొహం మీదకు చిమ్మేది అదే.

#15 మెట్టమీద

ఈ థ్రెడ్‌లోనే నా ప్రశ్న కూడా. ట్యాంకు లేదు, గోడలో ఫ్లష్ వాల్వు. నొక్కితే సన్నగా వస్తుంది. పై అంతస్తులో ఇలా, కింది అంతస్తులో అదే రకం బ్రహ్మాండంగా పోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు ఈ వాల్వుకి దాదాపు 2 మీటర్ల ఎత్తులో ఉంది.

#16 పానా_పట్కారు

మీ దగ్గర ప్రెషర్‌దే తప్పు. ఫ్లష్ వాల్వుకి నిల్వ ట్యాంకు ఉండదు, పైపులో వచ్చిందే ఫ్లష్. ఒక మీటరు ఎత్తుకు సుమారు 0.1 బార్. మీకు 2 మీటర్లు, అంటే 0.2 బార్, అందులో మలుపుల్లో పోయేది పోతుంది. ఈ వాల్వులకు కనీస ప్రెషర్ ఎంతో తయారీదారు కాగితంలో రాసి ఉంటుంది, చాలావాటికి ఇది చాలదు. కింది అంతస్తుకు ఇంకో 3 మీటర్లు కలిశాయి కాబట్టి అక్కడ బాగుంది.

పైపు లావు కూడా చూడండి. వాల్వుకు 32 మి.మీ. నోరు పెట్టి, గోడలో ఎక్కడో 20 మి.మీ. పైపుకు కలిపేసిన చోట్లు చాలా ఉంటాయి. వాల్వు ముఖపలక తీస్తే పక్కన స్క్రూడ్రైవర్‌తో తిప్పే కంట్రోల్ మర ఉంటుంది, అది పూర్తిగా తెరిచి ఉందో లేదో మొదట చూడండి. ఒక్కోసారి సమస్య అంతే.

జోరు బాగుండి మధ్యలోనే ఆగిపోతుంటే అది వేరు. డయాఫ్రమ్ (వాల్వు లోపలి రబ్బరు పొర) చిరగడమో, దానిలోని సన్న కన్నం పెద్దదవడమో. ఆ పొర పైనున్న అర తొందరగా నిండి వాల్వు ముందే మూసుకుంటుంది. డయాఫ్రమ్ కిట్ మారిస్తే చాలు. ఎత్తు తక్కువ అన్న సమస్యకు మాత్రం కిట్ మందు కాదు. ట్యాంకు ఎత్తాలి, లేదా విడిగా 40 మి.మీ. లైను వేసి ప్రెషర్ పంపు పెట్టాలి, లేదా ఫ్లష్ వాల్వు వదిలేసి ట్యాంకు పెట్టుకోవాలి. మూడోదే చౌక, మూడోదే మేలు.

#17 గుడగుడ

బకెట్ పోస్తే లేచి, మెల్లగా దిగుతోంది. దిగేటప్పుడు గుడగుడ శబ్దం, పక్కన ఫ్లోర్ ట్రాప్‌లో బుడగలు. తర్వాత వాసన కూడా.

#18 గొట్టంగోల

వాసన ఎందుకంటే ఫ్లోర్ ట్రాప్‌లో నీళ్ళు పీక్కుపోయి గాలికి అడ్డు లేకుండా పోయింది. రెండింట్లో ఒకటి: వెంట్ పైపు (గాలి గొట్టం) మూసుకుంది, లేదా కింద లైను నిండి ఉంది.

తేడా ఇలా పట్టండి. ఆవరణలో మొదటి చాంబర్ మూత తీసి, ఒకరు పైన ఫ్లష్ కొడుతుంటే ఒకరు చూడాలి. చాంబర్ అప్పటికే నిండుగా ఉంటే అడ్డు చాంబర్ తర్వాత ఉంది. తర్వాతి చాంబర్, ఆపై సెప్టిక్ ట్యాంకు చూసుకుంటూ పోవాలి. సెప్టిక్ ట్యాంకు బురదతో నిండితే ఇంట్లో అన్ని కమోడ్‌లూ ఒకేసారి నీరసిస్తాయి, అది దాని గుర్తు. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం తల పెట్టకండి, దిగకండి. అందులోని వాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి. దాన్ని ఖాళీ చేయడం యంత్రమున్నవాళ్ళ పని.

చాంబర్ పొడిగా ఉండి, నీళ్ళు వంతులు వంతులుగా గుటకలేస్తూ వస్తుంటే వెంట్ మీద అనుమానపడండి. నిలువు పైపుకు మూత ఉన్న తలుపు ఉంటే దాన్ని కొద్దిగా వదులు చేసి ఫ్లష్ చేయించండి, ముఖం పక్కకు పెట్టి. గాలి దొరకగానే జోరు తిరిగొస్తే వెంటే దొంగ. మేడ మీద పైపు మూతిలో ఆకులు, పక్షి గూడు ఉంటాయి. తీసి, పైనుంచి గొట్టంతో నీళ్ళు వదిలి చూడండి. మూతికి జాలీ టోపీ పెట్టండి. బిరడా పెట్టి మూసేసినవాళ్ళూ ఉన్నారు, వాసనొస్తోందని!

రెండూ కాకపోతే వాలు. 110 మి.మీ. పైపుకు మీటరుకు 12 నుంచి 25 మి.మీ. వాలు ఉండాలి. మధ్యలో పైపు కుంగి కడుపు దిగితే అక్కడే ఆగుతుంది, ఎన్నిసార్లు తోడినా మళ్ళీ అదే చోట.

#19 ఒకరోజుబాగు

మా కేసు విచిత్రం. నీళ్ళు మాత్రమే అయితే బకెట్ గటగటా దిగుతుంది. కాగితం వేస్తే నాలుగోసారికో ఐదోసారికో ఆగుతుంది. పంపు కొడితే రెండు రోజులు బాగుంటుంది.

#20 పానా_పట్కారు

ట్రాప్‌లో ఏదో అడ్డంగా ఇరుక్కుంది. టూత్‌బ్రష్, పెన్ను, సువాసన బిళ్ళ తగిలించే ప్లాస్టిక్ బోను, ఇలాంటివి. నీళ్ళను పోనిస్తుంది, కాగితాన్ని పట్టుకుంటుంది. పంపు కొడితే కాగితం పోతుంది, వస్తువు పోదు.

క్లోజెట్ ఆగర్ అని దొరుకుతుంది. వంపు కొసకు రబ్బరు తొడుగున్న పొడవాటి గొట్టం, లోపల స్ప్రింగ్ తీగ, పైన తిప్పే పిడి. మామూలు డ్రైన్ స్ప్రింగ్ వాడకండి, పింగాణీ మీద నల్ల గీతలు పడతాయి. తీగను ముందే గొట్టంలోకి లాక్కుని, రబ్బరు వంపు ట్రాప్ నోటికి ఆనించి, కుడివైపు తిప్పుతూ తీగను మెల్లగా దించండి. తగిలాక ఇంకో రెండు మూడు చుట్లు తిప్పి, తిప్పడం ఆపకుండా వెనక్కి లాగండి. ముందుకు నెట్టేయాలని చూడకండి, వస్తువు ట్రాప్ దాటి పైపు మలుపులో ఇరుక్కుంటే ఇంకా పెద్ద పని.

పంపు గురించి కూడా ఒక మాట. కమోడ్‌కి కింద మడత నోరు బయటికి వచ్చే రకం కావాలి. సింక్‌కి వాడే చదును గిన్నె రకం సరిగ్గా ఆనదు. రబ్బరు మునిగేంత నీళ్ళుండాలి. మొదటి పోటు మెల్లగా, లోపలి గాలి పోయేలా. తర్వాత 10, 15 పోట్లు, నెట్టడం కన్నా లాగడంలో ఎక్కువ బలం పెట్టండి.

ఆగర్‌కీ చిక్కకపోతే కమోడ్ విప్పాల్సిందే. విప్పితే కింద జాయింట్ రింగు కొత్తది తప్పనిసరి, పాతది మళ్ళీ ఆనదు.

#21 తడినేల

రిమ్ లేని కొత్త రకాల గురించి ఎవరూ రాయలేదు. వాటికి రంధ్రాలుండవు, వెనక ఒక చీలికలోంచి నీళ్ళు రెండు పక్కలకూ చీలుతాయి. గోడకు వేలాడే రకంలో, లోపలి ట్యాంకు నుంచి వచ్చే ఫ్లష్ పైపును పొడవుగా కోసి కమోడ్‌లోకి మరీ లోతుకు నెట్టేస్తే చీలిక సగం మూసుకుంటుంది. కొత్తగా బిగించిన రోజు నుంచే ఫ్లష్ నీరసమైతే మొదట అదే చూడండి. వాడుతూ వాడుతూ తగ్గితే గార.

ఇంకోటి. బౌల్‌లో నిలిచే నీళ్ళు మామూలు కన్నా కిందకు ఉంటే, నింపే వాల్వు నుంచి వచ్చే సన్నటి గొట్టం ఓవర్‌ఫ్లో నోట్లో ఉందా, జారి ట్యాంకులో పడిందా చూడండి. ఫ్లష్ తర్వాత బౌల్‌ను తిరిగి నింపేది ఆ గొట్టమే. సైఫన్‌తో లాగే బౌల్‌లో మట్టం తగ్గితే లాగుడు ఆలస్యంగా మొదలవుతుంది. గొట్టం బాగుండి కూడా గంటగంటకూ మట్టం తగ్గుతుంటే ట్రాప్ గట్టు మీద గుడ్డ పోగో వెంట్రుకల ముద్దో వేలాడుతుంటుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్ళను అవతలికి పీలుస్తుంది.

#22 చెంబునీళ్ళు

నిమ్మ ఉప్పు రెండు రాత్రులు పెట్టాను. మొదటి రాత్రి తర్వాత సిరా గీత కుడిపక్క ఒక జానెడు మిగిలింది, రెండో రాత్రి తర్వాత చుట్టూ చెరిగిపోయింది. ఇప్పుడు 5.9 లీటర్లతోనే ఒక్కసారికి పోతోంది. కిట్ మార్చలేదు.

ఒకటి మిగిలింది. మూత తిరిగి పెట్టాక చిన్న బటన్ నొక్కితే ట్యాంకంతా ఖాళీ, పెద్దది నొక్కితే సగం. ఏం పాడు చేశాను?

#23 కుళాయికాడ

ఏమీ పాడవలేదు. బటన్‌ను అటుదిటు పెట్టారు. విప్పి, అర చుట్టు తిప్పి మళ్ళీ కూర్చోబెట్టండి. పెద్ద బటన్ పుల్ల వాల్వులో పెద్ద ఫ్లష్ ముక్క ఉన్న వైపు పడాలి. మూత మూసే ముందు ఒకసారి టార్చ్ వేసి పుల్లలు రెండూ తమ గాడిలో దిగాయో లేదో చూసుకోండి. ఒకటి గాడి పక్కకు జారితే బటన్ నొక్కిన చోటే ఉండిపోతుంది.